కొండ దిగే బూట్లు

కిందటి వానాకాలం శుభద భర్త బూట్లు వేసుకుని లోహగడ్ కోట ఎక్కింది. ముందు భాగంలో దూది కుక్కి, రెండు జతల సాక్సులు తొడిగి, లేసుల్ని చీలమండ చుట్టూ తిప్పి బిగించి కట్టుకుంది. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడే అసలు సంగతి తెలిసింది. అడుగు వేసినప్పుడల్లా పాదం లోపల ముందుకు జారిపోయి, బొటనవేళ్ళు వెళ్ళి బూటు గోడకి ఠంగుమని కొట్టుకున్నాయి. ఇంటికొచ్చేసరికి గోళ్ళు రెండూ నేరేడుపండు రంగుకి తిరిగాయి. గణపతి పండగనాడు వచ్చినవాళ్ళందరూ దేవుడికి దండం పెట్టుకుని, ఆ తరవాత వరసగా ఆవిడ కాళ్ళ వంక చూసి వెళ్ళారు.

అందుకని ఈ ఏడు పై అంతస్తు ముగ్ధ ముందే చెప్పేసింది. ఆ బిల్డింగులో ఆడవాళ్ళని పోగేసి కొండలెక్కించే పిల్ల ముగ్ధ. శుభదని పిన్నిలా కాకూ అని, ఆవిడ భర్తని కాకా అని పిలుస్తుంది.

"కాకూ, ఆదివారం సింహగడ్. పాత కాలిబాట మీదుగా, నడిచి. కాకా బూట్లతో వచ్చారంటే మిమ్మల్ని బస్సెక్కనివ్వను, ముందే చెబుతున్నా."

"మరి ఎవరి బూట్లతో రమ్మంటావ్?"

"మీ బూట్లతో."

శుభద నవ్వేసింది గాని, ఆ మాట చెవిలో అలాగే ఉండిపోయింది. పెళ్ళిళ్ళకి చెప్పులు కొనుక్కుంది, ఆఫీసుకి కొనుక్కుంది, వానలకి రబ్బరు చెప్పులు కొనుక్కుంది. ఊరికే కొండ ఎక్కి దిగడానికని, తన సరదా కోసమని, తన కాలి కొలతకి ఎప్పుడూ ఏమీ కొనుక్కోలేదు. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా మరిచిపోయేటంత ఉషారు వచ్చేసింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

"బూట్లు కొంటానంటే ఇలా ఉంది, కొన్నాక మనకి తిండి ఉంటుందా?" అన్నాడు ప్రభాకర్, కంచంలో ఇంకాస్త పెరుగు వేసుకుంటూ.

సోమవారం పొద్దున్న శుభద బూట్ల కోసం పుణె క్యాంపు బజారుకి బయలుదేరుతుంటే అత్తగారు ద్వారకాబాయి కచ్చపోసి కట్టిన తొమ్మిది గజాల చీరలో, చేతిసంచీతో గుమ్మంలో తయారుగా నిలబడి ఉంది.

"మీరెక్కడికి ఆయీ? మోకాళ్ళు నొప్పులని రాత్రంతా మూలిగారు కదా."

"మూలిగితే మాత్రం? ఆటోలో మోకాళ్ళతో పనేముంది? ఆ ఇరానీ హోటల్లో బన్ మస్కా తిని ఎన్నాళ్ళయిందో. నువ్వు బూట్లు చూసుకో, నేను బన్ చూసుకుంటా."

క్యాంపులో బెహరాం దుకాణం ఒక సందులో ఉంది. ముసలి పార్శీ. ఆయన దగ్గర బూట్లు కొనడం కంటే ఆయన చేత అమ్మించుకోవడం కష్టమని పేరు. శుభద లోపలికి అడుగుపెట్టగానే ఆయన ముఖం చూడలేదు, కాళ్ళు చూశాడు.

"ఎన్నో నంబరు?"

"ఐదు."

"ఎవరు చెప్పారు?"

"ఎప్పుడూ ఐదే వేసుకుంటా."

"అది మీ పెళ్ళినాటి నంబరు బాయీ. పాదం ఇక్కడ పెట్టండి." ఇనప కొలత పలక నేల మీద పెట్టి చూశాడు. "ఎడమ కాలు పెద్దది."

"రెండూ నావేనండీ."

"కాదన్నానా? కొనేది పెద్దకాలికి కొనాలి. చిన్నదానికి నచ్చజెప్పుకోవాలి." ఆయన గోడ గడియారం కేసి చూసి నిట్టూర్చాడు. "పొద్దున్నే వచ్చారు. పొద్దున్న పాదం అణిగి ఉంటుంది. రోజంతా నిలబడి, నడిచి, సాయంత్రం రండి. అప్పుడు దాని అసలు కొలత తెలుస్తుంది."

"సాయంత్రం కుదరదండీ. వాచనాలయంలో పుస్తకాలిచ్చే పని నాకు. మూసేసరికి మీరూ మూసేస్తారు."

"అయితే వచ్చే వారం."

"ఆదివారమే కొండ."

బెహరాం విసుగ్గా పెట్టెలు దించాడు. మొదటి జత గోధుమరంగు తోలుది, పిక్కల దాకా ఉంది. వేసుకుని నడిస్తే కాలికి సిమెంటు కట్టు కట్టినట్టయింది. రెండో జతలో వేళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, జాడీలో అదిమిన నిమ్మకాయల్లా అయిపోయాయి. ఆ తరవాత మూడో పెట్టె తెరిచాడు. వంకాయ రంగు, పసుపుపచ్చ లేసులు. శుభదకి గుండె ఝల్లుమంది. ఆ వయసులో బూట్లని చూసి గుండె ఝల్లుమనడమేమిటని తనకే సిగ్గేసింది.

ఆరో నంబరు వేసుకుంటే మడమ పైకి లేచింది. ఐదు వేసుకుంటే చేతికి గాజులా అమరింది. దుకాణం చివర చెక్కతో చేసిన చిన్న ఏటవాలు దిమ్మ ఉంది. బెహరాం దాన్ని చూపించాడు. శుభద ఎక్కింది, గిరుక్కున తిరిగి దిగింది.

"వేళ్ళు ముందు తగులుతున్నాయా?"

కొంచెం తగిలాయి. మరీ అంత కాదు, ఊరికే పలకరించినట్టు తగిలాయి. శుభద కిందికి చూసింది. పసుపుపచ్చ లేసులు పైకి చూశాయి.

"లేదండీ."

"మీ ముఖం తగులుతున్నాయంటోంది."

"నా ముఖం ఎప్పుడూ ఇంతేనండీ."

కుర్చీలో కూర్చున్న ద్వారకాబాయి కిసుక్కున నవ్వింది. బెహరాం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెట్టె మూత పెట్టాడు. "ఆదివారం దాకా ఇంట్లోనే వేసుకుని తిరగండి. సోలుకి మట్టి అంటకూడదు. ఎక్కడన్నా నొక్కితే తీసుకొచ్చి మార్చుకోండి. మట్టి అంటిందా, నా గుమ్మం ఎక్కకండి."

ఇరానీ హోటల్లో ద్వారకాబాయి పెట్టె విప్పి, ఒక బూటు తీసి బన్ మస్కా పక్కన బల్ల మీద పెట్టుకుంది. "ఎంత తేలిగ్గా ఉందే," అని లోపల చెయ్యి పెట్టి చూసింది. "పరుపులా ఉంది." వెయిటరు వచ్చి బల్ల మీద బూట్లు పెట్టకూడదన్నాడు. "నేల మీద పెట్టకూడదని దుకాణంవాడు, బల్ల మీద పెట్టకూడదని నువ్వు. ఒళ్ళో పెట్టుకోనా?" అంది ద్వారకాబాయి. ఒళ్ళోనే పెట్టుకుని చాయ్ తాగింది.

శుభద ఆ రాత్రి బూట్లు వేసుకునే చపాతీలు చేసింది. వేసుకునే గిన్నెలు సర్దింది. మర్నాడు పొద్దున్న పనికి వెళ్ళబోతూ బూట్లు విప్పి మూలన పెడుతుంటే అత్తగారు అంది:

"పొయ్యి దగ్గర నిలబడితే కొత్త బూట్లు మెత్తబడతాయటే? నువ్వు వెళ్ళు. పగలంతా నేను వేసుకుని తిరిగి మెత్తబరిచి పెడతా."

"నీ కాలు వేరు, తన కాలు వేరు ఆయీ," అన్నాడు ప్రభాకర్.

"నా చీరలు కట్టింది, నా గాజులేసుకుంది, నా కొడుకుని కూడా తీసుకుంది. ఇవాళ కాలి దగ్గరకొచ్చేసరికి వేరైపోయామా?"

శుభద బూట్లు ఆవిడ ముందు పెట్టి పనికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ప్రభాకర్‌కి కష్టాలు మొదలయ్యాయి. ద్వారకాబాయి చెప్పులు ఇంట్లో టపటపమని మోగేవి. ఆవిడ ఏ గదిలో ఉన్నదీ, ఎటు వస్తున్నదీ అందరికీ తెలిసేది. ఆ చప్పుడు వింటూనే ప్రభాకర్ బతుకు వెళ్ళదీస్తున్నాడు, ఎందుకంటే అతనికి చక్కెర జబ్బు, లడ్డూల డబ్బా పై అరలో ఉంది. మంగళవారం మధ్యాహ్నం అతను స్టూలెక్కి, రెండో లడ్డూ నోట్లో పెట్టుకుంటుండగా సరిగ్గా వీపు వెనక నుంచి, "ఎన్నోది?" అని వినిపించింది. స్టూలు మీంచి పడబోయి అలమర పట్టుకున్నాడు. వంకాయ రంగు బూట్లలో తల్లి నిలబడి ఉంది. ఆవిడ రావడం పిల్లి వచ్చినట్టే ఉంది.

"ఈ బూట్లు ఇంట్లోంచి ఎప్పుడు పోతాయి?" అని అడిగాడు రాత్రి భార్యని.

అప్పటికే అత్తగారి నోట లడ్డూ కథ విన్న శుభద పగలబడి నవ్వి, బూట్లు వేసుకుని చూసుకుంది. నిజంగానే కాస్త మెత్తబడినట్టున్నాయి.

బుధవారం సాయంత్రం వాచనాలయంలో జనం ఎక్కువ. పొద్దున్నించీ నిలబడి పుస్తకాలు తీసిస్తూనే ఉంది శుభద. అప్పుడు ముగ్ధ ఫోను చేసింది. ఆ పిల్ల రోజూ సాయంత్రం పర్వతి గుట్ట మెట్లు పరిగెత్తి ఎక్కుతుంది. ఇప్పుడు రొప్పుతోంది.

"కాకూ, మీ బూట్లు పర్వతి ఎక్కుతున్నాయి."

"ఏమిటీ?"

"మీ బూట్లు. లోపల మీ ఇంటి ఆజీ కూడా ఉన్నారు. ఆపుదామని చూశా. ‘పక్కకి జరగవే, నీ వెనక మనుషులు రావాలి’ అన్నారు."

శుభద చేతిలో పుస్తకం ఎవరి చేతికో ఇచ్చేసింది. తోటి ఉద్యోగినికి ఒక్క మాట చెప్పి, గొడుగు మరిచిపోయి రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో పట్టుకుంది. దారంతా ఆవిడ కళ్ళకి మోకాలు పట్టుకుని మెట్ల మీద కూలబడిన అత్తగారే కనిపించింది. ఆ పక్కనే, ఎంత వద్దనుకున్నా, మట్టి కొట్టుకుపోయిన సోలు కూడా కనిపించింది.

గుట్ట కింద దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. పర్వతి మెట్లు వెడల్పు, నడకకి తేలికే, కాని వాన పడి తడిగా ఉన్నాయి. సగం దూరం వెళ్ళేసరికి కుడి చెప్పు పట్టీ ఫటుక్కున తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. రెండు మెట్లు అలా కుంటి చూసి, రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతోనే పరిగెత్తింది. దిగేవాళ్ళు దారిచ్చి మరీ చూశారు.

"ఏమయింది కాకూ?" అని ఎవరో అడిగారు.

"మా అత్తగారు పైకి వెళ్ళిపోయింది," అంది శుభద. అవతలివాళ్ళు పాపం చేతులు జోడించారు. నాలుగు మెట్లు ఎక్కాక గాని తనన్న మాటేమిటో శుభదకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్ల మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఊపిరి అసలే అందడం లేదు, నవ్వుతో ఇంకా అందలేదు.

పైన పిట్టగోడ మీద, ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని ఉండగా, ద్వారకాబాయి కాళ్ళు చాపుకుని కూర్చుని కాల్చిన మొక్కజొన్న కండె తింటోంది. చుట్టూ నలుగురు. ఆవిడ బూటు తిప్పి వాళ్ళకి సోలు చూపిస్తోంది.

"ఇంత ఆలస్యమేమే?" అంది కోడలిని చూసి. "కండె తింటావా? నిమ్మకాయ, కారం బాగా పట్టించాడు."

శుభద ఎన్నో అనాలనుకుంటూ వచ్చింది. నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "మోకాళ్ళు?"

"అదే ఆశ్చర్యం. ఇన్నేళ్ళూ మోకాళ్ళ నొప్పులనుకున్నానే. కావు, చెప్పుల నొప్పులు." కండె గింజలు నమిలింది. "మెల్లగానే ఎక్కా. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నా. ప్రభాకర్ పుట్టకముందు ఎక్కాను ఈ గుట్ట. అప్పుడు పుణె ఇంత లేదు."

"మా ప్రాణాలు పోయాయి ఆయీ. చెప్పి రావచ్చు కదా."

"చెబితే రానిస్తావా?"

రానివ్వనని ఇద్దరికీ తెలుసు. శుభద పక్కన కూలబడింది. కండె సగం తింది. ఆ తరవాత గుర్తొచ్చినట్టు, "సరే, నా బూట్లు నాకివ్వండి. నా చెప్పులు తెగాయి," అంది.

ద్వారకాబాయి అయిష్టంగా లేసులు విప్పింది. శుభద కాలు పెట్టింది. వెళ్ళలేదు. గట్టిగా తోసింది. వెళ్ళింది గాని వేళ్ళు ముడుచుకున్నాయి. పొద్దున్నించీ నిలబడి, ఇంత గుట్ట పరిగెత్తి ఎక్కిన పాదాలు పూరీల్లా పొంగి ఉన్నాయి.

"నాలుగు మెట్లు దిగి చూడు," అంది అత్తగారు.

శుభద దిగింది. మొదటి మెట్టుకే బొటనవేళ్ళు ముందు గోడకి కొట్టుకున్నాయి. రెండో మెట్టుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోది దిగకుండా వెనక్కి వచ్చింది.

"ఆ రోజు దుకాణంలో తగల్లేదన్నావుగా?"

"కాస్త తగిలాయి."

"మరి?"

శుభద తల వంచుకుంది. "రంగు బాగుంది."

ద్వారకాబాయి ఆవిడ వంక ఒక్క క్షణం చూసి, చేతిలో కండె కిందపెట్టి, నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు శుభదకీ అంటుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కారణం తెలియకుండానే నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక ద్వారకాబాయి బూట్లు తిరిగి లాక్కుని, తొడుక్కుని, లేసులు బిగించింది.

"ఇవి నావి. లే, నీకు వేరే చూద్దాం. ఆ ముసలాయన దుకాణం మూసేలోపల."

ఆటో క్యాంపు సందులో ఆగేసరికి బెహరాం షట్టరు సగం దించాడు. ముందు వంకాయ రంగు బూట్లతో ద్వారకాబాయి, వెనక చెప్పులు చేత పట్టుకుని వట్టి కాళ్ళతో శుభద. ఆయన సోలు చూశాడు. ఎర్రమట్టి.

"మట్టి అంటితే రావద్దన్నాను."

"మార్చుకోవడానికి ఎవరొచ్చారు?" అంది ద్వారకాబాయి. "ఇవి నాకు బ్రహ్మాండంగా ఉన్నాయి. మీరు ఆ రోజు నన్ను అడగనే లేదు, ముసలిది కదా అని."

బెహరాం వంగి ఆవిడ బూటు ముందు భాగం వేలితో నొక్కాడు, మడమ దగ్గర చూశాడు. "బాగున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "మీకే చేసినట్టున్నాయి." ఆ తరవాత శుభద కాళ్ళు చూసి అదిరిపడ్డాడు. "ఆ కాళ్ళతో నా చెక్క ఎక్కడానికి వీల్లేదు. డీక్రా, ముందు కడుక్కో."

బాయీ అన్నవాడు కన్నబిడ్డని పిలిచినట్టు డీక్రా అనేశాడు. లోపల్నించి బకెట్టుతో నీళ్ళు, తువ్వాలు, మందపాటి సాక్సులు వచ్చాయి. కొలత పలక మీద పాదం పెడితే సోమవారం కంటే ముందుకొచ్చింది. బెహరాం గోడ గడియారం వైపు చూశాడు, అంతే. శుభదకి అర్థమయింది.

"ఆరు. వెడల్పుది," అన్నాడు. "ఒకే జత ఉంది. మీకు నచ్చదు."

"ఎందుకు?"

పెట్టె తెరిచాడు. కాకరకాయ రంగు. అది కూడా లేత కాకరకాయ కాదు, ముదిరింది. ద్వారకాబాయి "అయ్యో" అని మూతి చేతితో మూసుకుంది. శుభద కళ్ళు మూసుకుని కాలు పెట్టింది. పాదం లోపలికి వెళ్ళి సర్దుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసింది. అన్నిటికీ చోటుంది. మడమ కొంచెం కదిలింది. బెహరాం మోకాళ్ళ మీద కూర్చుని, లేసుని చివరి రంధ్రంలోంచి వెనక్కి తిప్పి చిన్న ఉచ్చులా వేసి, రెండో కొస అందులోంచి లాగి బిగించాడు. మడమ ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

శుభద చెక్క ఎక్కింది. దిగింది. ఆగింది. మళ్ళీ ఎక్కింది, ఈసారి కాస్త వేగంగా దిగింది. వేళ్ళు ఎక్కడా తగల్లేదు. మూడోసారి పరిగెత్తి దిగింది. నాలుగోసారి చివర్లో గెంతింది.

"డీక్రా, అది చెక్క, కొండ కాదు."

"ఇంకొక్కసారండీ."

వెనకే ద్వారకాబాయి కూడా చెక్కెక్కేసింది. అత్తా కోడలూ ఒకరి వెనక ఒకరు ఎక్కి దిగుతుంటే బెహరాం చెక్క ఎక్కడ విరుగుతుందోనని రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. సందులో పోయేవాళ్ళు సగం దించిన షట్టరు కింద నుంచి వంగి చూశారు.

"రంగు పర్లేదా?" అని అడిగాడు చివరికి.

"ఏ రంగు?" అంది శుభద.

ఆదివారం పొద్దున్న సింహగడ్ మొత్తం పొగమంచులో ఉంది. పది అడుగుల ముందున్న మనిషి కూడా సరిగ్గా కనిపించలేదు. శుభద మూడు రోజులుగా ఆ బూట్లతోనే వాచనాలయానికి వెళ్ళింది, కూరగాయలకి వెళ్ళింది, పడుకోబోయే ముందు ప్రభాకర్ బతిమాలితే గాని విప్పలేదు. ఇప్పుడు అవి కాలికి ఉన్నట్టే తెలియడం లేదు. ద్వారకాబాయి చేతికర్రతో వెనక మెల్లగా వచ్చింది. మజ్జిగ అమ్మే ప్రతిచోటా కూర్చుంది, కూర్చున్న ప్రతిచోటా బూట్ల గురించి చెప్పింది. ముగ్ధ ఆవిడతోనే నడిచింది. మిగతావాళ్ళు పైన ఉల్లిపాయ పకోడీలు రెండో వాయి తింటుండగా మంచులోంచి ముందు వంకాయ రంగు బూట్లు కనిపించాయి, ఆ తరవాత ఆవిడ కనిపించింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ద్వారకాబాయి ఎవరి వంకా చూడకుండా పకోడీల పళ్ళెం దగ్గరికి నడిచింది.

దిగేటప్పుడు మాత్రం ఆవిడని ప్రభాకర్ రోడ్డు దారిన స్కూటరు మీద తీసుకెళ్ళాలని ఒప్పందం. తల్లిని వెనక ఎక్కించుకుంటూ, "లడ్డూ సంగతి శుభదకి చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఏ లడ్డూ? నేను చెప్పింది రెండోదాని సంగతే. మొదటిది ఎవరికీ చెప్పలేదు," అంది ద్వారకాబాయి. స్కూటరు మలుపు తిరిగే దాకా ఆవిడ బూట్లు రెండు పక్కలా బయటికి చాచే ఉన్నాయి.

ఆడవాళ్ళందరూ కాలిబాట మీద దిగడం మొదలుపెట్టారు. తడిమట్టి, జారే రాళ్ళు, పక్కన చిన్న వాననీటి వాగు. మొదటి వాలు దగ్గర శుభద అలవాటుగా వేళ్ళు బిగబట్టింది, దెబ్బ కోసం. తగల్లేదు. ఇంకో అడుగు వేసింది, ఇంకోటి. సోలు రాయిని పట్టుకుని వదులుతోంది. అడుగు కాస్త పెద్దది చేసింది. కాస్త వేగం పెంచింది. అంతే, ఇక ఆవిడ చేతుల్లో లేదు. చేతులు పక్కలకి చాపి, కొంగు నడుముకి దోపి, మలుపు మీద మలుపు తిరుగుతూ పరిగెత్తడం మొదలుపెట్టింది. నోట్లోంచి చిన్నపిల్లల కేరింత లాంటిదేదో వచ్చింది. అది తన గొంతేనని కాసేపటికి గాని పోల్చుకోలేదు.

"కాకూ, ఆగండి," అని పైన ఎక్కడో ముగ్ధ అరుపు మంచులో కలిసిపోయింది.

కింది మలుపులో ఒక పెరుగమ్మే మనిషి తల మీద కుండల తట్టతో పైకి వస్తోంది. శుభద రావడం చూసి, తట్ట పట్టుకుని, చటుక్కున పక్కకి జరిగి దారిచ్చింది.

"ఏ బాయీ, ఎవరు తరుముతున్నారే నిన్ను?"

"ఎవరూ లేరు," అని భుజం మీంచి అరిచింది శుభద, ఆగకుండానే.